రైతు బిడ్డకు జీవశాస్త్రములో ఎం.ఎస్సి. — పాఠముల డిగ్రీ ఎవరికి, ఎందుకు?

డిగ్రీ పరీక్షల ఫలితములు వెలువడు రోజులలో పల్లెలయందు తరచు వినబడు ప్రశ్న యొకటి యున్నది. "మావాడు బి.ఎస్సి. పూర్తి చేసినాడు. ఎం.ఎస్సి.లో చేర్చుదుమా, ఏదైన ఉద్యోగము చూచుకొమ్మందుమా?" అమ్మాయి విషయములో ఈ ప్రశ్నకు తోడు పెండ్లి ప్రశ్న గూడ వచ్చును. చదువగోరు పిల్లను చదివించవలెనన్నదే మా అభిప్రాయము గనుక, దానిని గూర్చి ఇచ్చట ఎక్కువ వ్రాయబోము.

వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, జన్యుశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము, జీవరసాయనము, జీవసాంకేతికము — వీటిలో దేనిలో చేరినను ఈ వ్యాసములో చెప్పబోవు సంగతులు చాలవరకు వర్తించును. రెండేండ్ల కాలము, వసతిగృహపు ఖర్చు, పొలము పనికి ఇంట రెండు చేతులు తక్కువగుట — రైతు కుటుంబమునకు ఇవి చిన్న విషయములు కావు. విత్తనము కొనునపుడు సంచిపైనున్న చీటీని చదివి కొనువారు, చదువు కొనునపుడు మాత్రము కళాశాల పేరొక్కటే విని డబ్బు కట్టుట కద్దు. కావున ఈ డిగ్రీలో ఏమున్నది, ఏమి లేదు అను విషయమును ముందుగా తెలిసికొనుట మంచిది.

రెండు తీరుల ఎం.ఎస్సి.

ఎం.ఎస్సి. అన్న పేరు ఒకటే అయినను చదువు రెండు తీరులుగా నున్నది. మొదటి తీరులో విద్యార్థి రెండేండ్లును పాఠములు విని, ప్రయోగశాలలో నిర్ణీతమైన ప్రయోగములు చేసి, ప్రతి సెమిస్టరు చివర పరీక్షలు వ్రాసి ఉత్తీర్ణుడగును. రెండవ తీరులో కొంతకాలము పాఠములు విని, మిగిలిన కాలము ఒక సమస్యను తీసికొని, దానిపై స్వయముగా పరిశోధన చేసి, సిద్ధాంత వ్యాసము సమర్పించవలెను. మొదటి దానిని పాఠముల డిగ్రీ యనియు, రెండవ దానిని పరిశోధన డిగ్రీ యనియు ఈ వ్యాసమున వ్యవహరింతుము.

వ్యవసాయ విశ్వవిద్యాలయములలోని ఎం.ఎస్సి. (వ్యవసాయము) రెండవ తీరునకు మంచి ఉదాహరణము. భారత వ్యవసాయ పరిశోధన మండలి పాఠ్యప్రణాళిక ప్రకారము అందలి మొత్తము 70 క్రెడిట్లలో 30 క్రెడిట్లు పరిశోధనకే పోవును. సాధారణ విశ్వవిద్యాలయములలోని వృక్షశాస్త్రపు ఎం.ఎస్సి.లో అంతటి భాగము పరిశోధనకు కేటాయించుట అరుదు. కొన్నిచోట్ల చివరి సెమిస్టరులో చిన్న ప్రాజెక్టు ఉండును. మరికొన్నిచోట్ల అదియు నుండదు.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2024లో ప్రకటించిన చట్రములో ఈ రెండు తీరులకును చోటు కలదు. మూడేండ్ల డిగ్రీ చదివినవారికి ఎం.ఎస్సి. రెండేండ్లు. రెండవ ఏట అంతయు పాఠములే చదువవచ్చును. సగము పాఠములు, సగము పరిశోధన తీసికొనవచ్చును. లేదా ఆ ఏడంతయు పరిశోధనయే చేయవచ్చును. నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీ చదివినవారికి ఎం.ఎస్సి. ఒక ఏడు చాలును. అయితే చట్రములో ఉన్నదెల్ల ప్రతి కళాశాలలో నుండవలెనన్న నియమము లేదు. మీరు చేరదలచినచోట ఈ మూడింటిలో ఏది యున్నదో అడిగి తెలిసికొనవలెను.

క్రెడిట్ అను మాటకు అర్థము కూడ ఇచ్చటనే చెప్పుట మేలు. పదునైదు గంటల పాఠమునకు ఒక క్రెడిట్. ప్రయోగశాల పని అయినచో ముప్పది గంటలకు ఒకటి. దీనినిబట్టి, నాలుగు క్రెడిట్ల పాఠమునకు అరువది గంటల బోధన జరుగవలెను. సెమిస్టరులో పది పదునైదు గంటలు మాత్రమే పాఠము చెప్పి, మిగిలినది జిరాక్సు కాగితములతో సరిపెట్టు కళాశాలలో మీరు కట్టిన రుసుమునకు ఎంత తూకము వచ్చినదో ఈ లెక్కతో మీరే చూచుకొనవచ్చును.

ముందుగా తొలగవలసిన అపోహ

"వృక్షశాస్త్రములో ఎం.ఎస్సి. చేసిన వ్యవసాయాధికారి ఉద్యోగము వచ్చును గదా" అని తలచువారు ఇంకను కలరు. రాదు. ఆ ఉద్యోగమునకు వ్యవసాయమున నాలుగేండ్ల డిగ్రీ, అనగా బి.ఎస్సి. (వ్యవసాయము), మూలార్హత. పైన ఎన్ని డిగ్రీలు చేర్చినను ఆ పునాది లేనిలోటు తీరదు. అట్లే మామూలు బి.ఎస్సి. చదివినవారికి మన వ్యవసాయ విశ్వవిద్యాలయములలో ఎం.ఎస్సి. (వ్యవసాయము)న సస్యశాస్త్రము వంటి శాఖలలో ప్రవేశము దొరకదు. ఈ విషయము ఇంటర్మీడియేటు ముగిసిననాడే తెలిసియుండవలసినది. ఇప్పుడు తెలిసినను నష్టము లేదు. తెలియక రెండేండ్లు గడచినపిదప తెలియుట నష్టము.

మరి ఈ డిగ్రీ ఏ తలుపులు తెరచును? జూనియరు కళాశాలలో అధ్యాపకత్వమునకు సంబంధిత విషయములో ఎం.ఎస్సి. కావలెను. డిగ్రీ కళాశాలలో గాని, విశ్వవిద్యాలయములో గాని అసిస్టెంటు ప్రొఫెసరు కావలెనన్న ఎం.ఎస్సి.లో 55 శాతము మార్కులతోపాటు జాతీయ అర్హత పరీక్ష 'నెట్' గాని, రాష్ట్ర పరీక్ష 'సెట్' గాని గట్టెక్కవలెను. పిహెచ్.డి.లో చేరుటకు 2022 నాటి నిబంధనల ప్రకారము ఎం.ఎస్సి.లో 55 శాతము చాలును. వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, తెగలు మున్నగువారికి ఇందులో 5 శాతము సడలింపు కలదు. ఎం.ఎస్సి.లో సిద్ధాంత వ్యాసము వ్రాసియుండవలెనన్న నిబంధన ఇందులో లేదు. పాఠముల డిగ్రీ వారికి పిహెచ్.డి. తలుపు మూసివేయబడినదనుట సరికాదు. అయితే తలుపు తెరచియుండుట వేరు, లోపలివారు రమ్మని పిలుచుట వేరు. ఆ సంగతి తరువాత చూతము.

ప్రైవేటు రంగములో విత్తన సంస్థల ప్రయోగశాలలు, టిష్యూకల్చరు కేంద్రములు, ఆహార పరీక్షాశాలలు, జీవన ఎరువుల తయారీ కేంద్రములు ఈ డిగ్రీ వారిని తీసికొనును. హైదరాబాదు చుట్టుపట్ల విత్తన పరిశ్రమ విస్తారముగా నున్నందున మన పిల్లలకు ఈ దారి దగ్గరది. హైబ్రిడు విత్తనపు జన్యు స్వచ్ఛతను తెలిసికొనుటకు వెనుక పొలమున మొక్కలు పెంచి చూడవలసి వచ్చెడిది. అందుకు ఒక కారు కాలము పట్టును. ఇప్పుడు డి.ఎన్.ఏ. మార్కర్లతో కొద్ది దినములలో తెలియుచున్నది. ఆ పని చేయు చేతులకు గిరాకి యున్నది. గమనింపుడు: గిరాకి చేతులకు; పట్టా కాగితమునకు అంతగా లేదు.

పాఠములలో నేర్చునదేమి? — ఒక వరి కథ

పాఠములు విని పరీక్ష వ్రాయుటలో ఏమి ప్రయోజనమున్నదని సందేహించువారికి మనకు బాగుగా తెలిసిన సాంబ మసూరి వరిని ఉదాహరణముగా చూపవచ్చును. బి.పి.టి. 5204 అను ఈ రకము బాపట్లనుండి 1986లో విడుదలయైనది. సన్నగింజ, మంచి రుచి, మంచి ధర. కాని బాక్టీరియా ఎండాకు తెగులునకు సులభముగా లొంగును. గాలివానలు పట్టిన యేట ఆకుల అంచులు పచ్చబడి, ఎండి, పైరు గడ్డివలె అగుటను చూచిన రైతునకు దీనిని వివరింప నక్కరలేదు. పైరుపై మందు చల్లి ఈ తెగులును అదుపులో పెట్టుట కష్టసాధ్యము. మొక్కకే నిరోధకశక్తి కలిగించుట తగిన మార్గము.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సి.సి.ఎం.బి.), రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ కలసి ఈ పనిని చేసినవి. ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అను మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోనికి తెచ్చి, 2008లో 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి'ని విడుదల చేసిరి. ఇందు ఎక్స్‌ఏ 21 ఆఫ్రికా ఖండపు అడవి వరినుండి వచ్చినది. ఇచ్చట వారికి అడ్డుపడిన చిక్కేమి, దానిని విప్పినదేమి అన్నదే మనకు పాఠము.

కొత్త జన్యువును తెచ్చుటకు నిరోధక శక్తి గల రకముతో సాంబ మసూరిని సంకరపరచవలెను. పుట్టిన సంతతిలో సగము దాత రకపు లక్షణములు, సగము సాంబ మసూరి లక్షణములు. గింజ చెడును, రుచి పోవును. అందుచేత ఆ సంతతిని మరల మరల సాంబ మసూరితోనే సంకరపరచుదురు. దీనికి పశ్చసంకరణమని పేరు. ఒక్కొక్క పర్యాయమునకు దాత భాగము సగటున సగమగును: 50 శాతము, 25, 12.5, 6.25, ఆపై 3.125. నాలుగు పశ్చసంకరణములు జరిగిన తరువాత మొక్క ఇంచుమించు సాంబ మసూరియే. కాని ప్రతి తరములోను మనకు కావలసిన మూడు జన్యువులు జారిపోకుండ చూచుకొనవలెను. ఎట్లు?

మొక్కకు తెగులు సోకించి, ఎండనివానిని ఏరుకొనవచ్చునని తోచును. అది చాలదు. ఎక్స్‌ఏ 21 బహిర్గత జన్యువు. ఒక్క ప్రతి యున్నను దాని శక్తి కనబడును. ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అంతర్గత జన్యువులు. తల్లి వైపునుండి ఒకటి, తండ్రి వైపునుండి ఒకటి, రెండు ప్రతులు కలిసినగాని వాటి శక్తి బయటపడదు. పశ్చసంకరణపు సంతతిలో అవి ఎల్లప్పుడు ఒంటి ప్రతిగానే యుండును గనుక తెగులు సోకించి చూచిన కనబడవు. పైగా ఎక్స్‌ఏ 21 ఉన్న మొక్క ఎట్లును ఆరోగ్యముగానే నిలుచును. దాని చాటున మిగిలిన రెండు ఉన్నవో లేవో తెలియదు. కంటికి కనబడనిదానిని పట్టుటకు ఆ జన్యువులకు అంటిపెట్టుకొనియున్న డి.ఎన్.ఏ. గుర్తులను, అనగా మార్కర్లను వాడిరి. లేత మొక్క ఆకు ముక్కనుండి డి.ఎన్.ఏ. తీసి, పి.సి.ఆర్. యంత్రములో పెట్టి, ఏ మొక్కలో మూడును ఉన్నవో చూచి, దానినే మరుసటి సంకరమునకు ఉంచిరి.

ఈ కథ నర్థము చేసికొనుటకు ఎన్ని పాఠములు కావలసి వచ్చినవో చూడుడు. బహిర్గత, అంతర్గత లక్షణములు జన్యుశాస్త్రము, బాక్టీరియా మొక్కలోనికి చొచ్చు తీరు సూక్ష్మజీవశాస్త్రము, వృక్ష రోగశాస్త్రము, పి.సి.ఆర్. అణు జీవశాస్త్రము, అడవి వరి వర్గీకరణ శాస్త్రమునకు చెందినది. ఇవన్నియు వేరువేరు పుస్తకములుగా, వేరువేరు పరీక్షలుగా విద్యార్థికి ఎదురగును. పరీక్ష ముగిసినంతనే ఒక్కొక్కటి మరచుచు పోయినవానికి రెండేండ్ల తరువాత మిగులునది మార్కుల జాబితా మాత్రమే. పాఠముల డిగ్రీకి గల గొప్ప లాభము ఇన్ని శాస్త్రములను ఒకేచోట, ఒక క్రమములో పరిచయము చేయుట. పరిశోధన డిగ్రీలో ఒక బావిని లోతుగా త్రవ్వుదురు. ఇచ్చట ఊరి చెరువులన్నిటిని చుట్టివత్తురు.

లెక్కలకు జడియరాదు

జీవశాస్త్రము చదువు పిల్లలలో చాలమంది లెక్కలు తప్పించుకొనుటకే ఇటు వచ్చినవారు. వారికి ఎం.ఎస్సి.లో జీవగణాంకశాస్త్రము ఎదురై నిలుచును. దానిని కనాకష్టముగా గట్టెక్కి మరచిపోవుట వాడుక. మా అభిప్రాయములో మొత్తము డిగ్రీలో రైతు బిడ్డకు అన్నిటికంటె ఎక్కువ ఉపయోగపడు పాఠము ఇదియే. ఈ శాస్త్రములో చాల భాగము పొలమునందే పుట్టినది కూడ. 1843లో స్థాపింపబడిన ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్, అచ్చటి మడుల దిగుబడి లెక్కలతో కుస్తీ పట్టుచు ఈనాడు మనము వాడు పద్ధతులలో పెక్కింటిని ఏర్పరచెను.

చిన్న ఉదాహరణము. రెండు విత్తన సంచులనుండి నూరేసి గింజలు మొలక కట్టినారు. ఒకదానిలో 82, రెండవదానిలో 90 మొలచినవి. రెండవ సంచి మేలని చెప్పవచ్చునా? ఎనిమిది గింజల తేడా పెద్దదిగానే తోచును. కాని గణాంక పరీక్ష చేసి చూచిన, రెండు సంచులు సమానముగానున్నను కేవలము యాదృచ్ఛికముగా ఇంత తేడా వచ్చుట అసంభవము కాదని తేలును. ఇట్టి పరీక్షలో తేడాను దాని ప్రామాణిక దోషముతో భాగించగా వచ్చు విలువ 1.96 దాటవలెను; ఇచ్చట 1.63 మాత్రమే. అవే శాతములు నాలుగు వందలేసి గింజలపై వచ్చిన ఆ విలువ 3.26 అగును, అప్పుడు తేడా నిజమైనదని నమ్మవచ్చును. విత్తన పరీక్షాశాలలలో నూరేసి గింజల చొప్పున నాలుగు పర్యాయములు, మొత్తము 400 గింజలు పరీక్షించుట ఎందుకో దీనివలన బోధపడును. ఈ లెక్క తెలిసిన బిడ్డ ఇంట నున్న, సంతలో ఎవరో ఒక మడి చూపి "ఈ మందు వాడితిమి, చూడుడు" అన్నప్పుడు "ఎన్ని మడులు, ఎన్ని పర్యాయములు, మందు వేయని మడి ఎక్కడ?" అని అడుగగలడు.

ఇంకొక లెక్కను విద్యార్థులకు అభ్యాసముగా విడిచెదము. సమాధానము వ్యాసాంతమున ఇచ్చితిమి. పైన చెప్పిన మూడు జన్యువులు మూడు వేరువేరు క్రోమోజోములపై నున్నవి గనుక దేనికదిగా పంచబడును. మూడును ఒంటి ప్రతులుగానున్న మొక్కను స్వపరాగ సంపర్కము చేయగా, మూడింటిలోను రెండేసి ప్రతులు గల మొక్క పుట్టు అవకాశమెంత? అట్టి మొక్క ఒక్కటైనను దొరకునని నూటికి తొంబదియైదు పాళ్లు నమ్మకము కావలెనన్న ఎన్ని మొక్కలు పెంచవలెను?

ఈ చదువులోని లోటు

పాఠముల డిగ్రీలోని లోటును దాచరాదు. ప్రయోగశాలలో చేయించు ప్రయోగములన్నియు ముందే సమాధానము తెలిసినవి. ఉల్లి వేరు కొనలో కణవిభజన ప్రతి యేట అట్లే కనబడును. సమాధానము రాకున్న, గత సంవత్సరపు రికార్డు చూచి బొమ్మ గీయుట కూడ కద్దు. ఇట్లు రెండేండ్లు గడపినవాడు, సమాధానము ఎవరికిని తెలియని ప్రశ్న ఎదురైనపుడు ఏమి చేయవలెనో ఎరుగడు. పిహెచ్.డి. ప్రవేశపు ముఖాముఖిలో "నీవు స్వయముగా చేసిన పని యేది?" అని అడుగుదురు. పరిశోధన డిగ్రీ వాడు తన సిద్ధాంత వ్యాసమును గూర్చి చెప్పును. పాఠముల డిగ్రీ వాడు నేల చూపులు చూచును. తలుపు తెరచియున్నను లోనికి పిలుపు రాకపోవుటకు ఇదియే కారణము.

ఈ లోటును పూడ్చుకొను మార్గములు లేకపోలేదు. సగము పరిశోధన తీసికొను వీలున్నచోట, పిహెచ్.డి. తలంపు గల విద్యార్థి దానినే ఎన్నుకొనవలెను. అధ్యాపక వృత్తి కోరువారును, డిగ్రీలో పునాది బలహీనముగా నున్నవారును, వేరు శాఖనుండి ఈ శాఖకు మారినవారును పూర్తి పాఠముల మార్గమున పోవుట మేలు. వారికి ముందు కావలసినది విశాలమైన పరిచయము. పరిశోధన వీలే లేని కళాశాలలో చేరినవారు వేసవి సెలవులను వృథా చేసికొనరాదు. దేశములోని మూడు విజ్ఞాన శాస్త్ర అకాడమీలు కలసి నడుపు వేసవి పరిశోధన ఫెలోషిప్ పథకము కింద విద్యార్థి రెండు నెలలు ఒక శాస్త్రజ్ఞునివద్ద పనిచేయవచ్చును. దరఖాస్తు ముందు శీతకాలములోనే పెట్టవలసియుండును గనుక మొదటి సెమిస్టరులోనే ప్రకటనలు చూచుచుండవలెను.

అదియు దొరకని వారికి స్వగ్రామమే ప్రయోగశాల. తమ మండలములోని పొలముగట్ల కలుపు మొక్కలను నెలనెలా సేకరించి, అద్ది, ఎండబెట్టి, పేర్లు నిర్ణయించి, ఏ పంటలో ఏ నెలలో ఏది ఎక్కువగా కనబడినదో లెక్కలతో వ్రాసియుంచుటకు యంత్రము లేమియు అక్కరలేదు. పాత వార్తాపత్రికలు, దారము, ఒక నోటుపుస్తకము చాలును. తేదీ, స్థలము, చూచిన సంఖ్య, చూడలేకపోయినది — ఇవి ఏనాటికానాడు వ్రాయవలెను. రెండేండ్లు క్రమముగా వ్రాసిన అట్టి పుస్తకమును ముఖాముఖిలో బల్లపై పెట్టిన విద్యార్థిని ఎవరును తేలికగా చూడరు.

తెలుగు మాధ్యమమున చదివినవారికి ఒక మాట. ఎం.ఎస్సి. పుస్తకములు, పరీక్షలు ఇంగ్లీషులో నుండును. నెట్ పరీక్షలో జీవశాస్త్ర ప్రశ్నపత్రము ఇంగ్లీషు, హిందీలలో వచ్చును గాని తెలుగులో రాదు. ఇందుకు దిగులుపడి వెనుకకు పోనక్కరలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురించిన డిగ్రీ పుస్తకములు చేతనుంచుకొని, విషయమును ముందు తెలుగులో గ్రహించి, పిదప ఇంగ్లీషు పుస్తకము చదివిన మాటల అడ్డు మొదటి సెమిస్టరుతోనే చాలవరకు తొలగును. విషయము తెలియక ఇంగ్లీషు వాక్యములు బట్టీపట్టువారికంటె వీరు ముందుందురు.

నెట్ పరీక్షను గూర్చి

జీవశాస్త్రములకు సి.యస్.ఐ.ఆర్. – యు.జి.సి. నెట్ పరీక్ష మూడు గంటలు, 200 మార్కులు. మొదటి భాగము సాధారణ తర్కము, లెక్కలు. 20 ప్రశ్నలలో 15 వ్రాయవలెను, 30 మార్కులు. రెండవ భాగములో 50 ప్రశ్నలకు 35, మార్కులు 70. మూడవ భాగములో 75 ప్రశ్నలకు 25 వ్రాసిన చాలును. ప్రశ్నకు 4 చొప్పున 100 మార్కులు. తప్పు సమాధానమునకు ఆ ప్రశ్న మార్కులలో నాలుగవ వంతు కోత పడును. పాఠ్యాంశములు 13 విభాగములు: అణువులు మొదలు పర్యావరణము, పరిణామము, పరిశోధన పద్ధతుల వరకు. మూడవ భాగములో మూడింట ఒకవంతు మాత్రమే వ్రాయవలసియుండుటచేత, అన్నిటిని అరకొరగా చదువుటకంటె అయిదారు విభాగములను లోతుగా చదువుట లాభకరము. మూడవ భాగపు ప్రశ్నలు ఒక ప్రయోగమును వర్ణించి "ఫలితమేమగును?" అని అడుగును. సాంబ మసూరి కథను అర్థము చేసికొనినవాడు ఇట్టి ప్రశ్నకు బెదరడు.

ఇందులో పైస్థాయిలో ఉత్తీర్ణులైనవారికి పరిశోధన వేతనము లభించును, అనగా పిహెచ్.డి. చదువు ఇంటికి భారము కాదు. కావున నెట్ చదువును డిగ్రీ ముగిసిన తరువాత మొదలుపెట్టుదమనుకొనక, పాఠములతోపాటే సాగించవలెను.

విదేశములను గూర్చి క్లుప్తముగా. అమెరికాలో సిద్ధాంత వ్యాసము లేని ఎం.ఎస్. చదువునకు ఖర్చంతయు విద్యార్థియే భరించుట సామాన్యము. అదే దేశములో జీవశాస్త్రపు పిహెచ్.డి.కి ఎంపికయైనవారికి సాధారణముగా రుసుము లేకపోగా జీవనవేతనము ఇత్తురు, దానికి ఎం.ఎస్. తప్పనిసరి కాదు. భూమి తాకట్టు పెట్టి మొదటిదానికి పంపుటకు ముందు, ఇచ్చట ఎం.ఎస్సి.లో గట్టిగా కష్టపడి రెండవదానికి ప్రయత్నించుట తగునేమో తండ్రి, బిడ్డ కూర్చుండి ఆలోచించుకొనవలెను.

రుసుము కట్టుటకు ముందు

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర పి.జి. ప్రవేశ పరీక్ష, తెలంగాణలో ఉస్మానియా విశ్వవిద్యాలయము నడుపు ఉమ్మడి పి.జి. ప్రవేశ పరీక్ష, హైదరాబాదు విశ్వవిద్యాలయము వంటి కేంద్ర సంస్థలకు జాతీయ పి.జి. ప్రవేశ పరీక్ష, ఐ.ఐ.టి.లకు 'జామ్' — ఇవి ప్రవేశమార్గములు. ర్యాంకు వచ్చిన తరువాత కళాశాల ఎన్నుకొనుటకు ముందు ఒకదినము బస్సు ఛార్జీ పెట్టుకొని అచ్చటికి పోయి చూడుడు. ఆవరణలోని పూలమొక్కలను, ముఖద్వారపు బొమ్మలను చూచి రావలదు. ప్రయోగశాల తలుపు తీయించుడు. సూక్ష్మదర్శినులు ఎన్ని? విద్యార్థులు ఎందరు? పి.సి.ఆర్. యంత్రము పనిచేయుచున్నదా, గుడ్డ కప్పి యున్నదా? గత సెమిస్టరులో చేయించిన ప్రయోగముల జాబితా చూపుదురా? రెండవ ఏటి విద్యార్థిని పక్కకు పిలిచి "నీ చేతితో డి.ఎన్.ఏ. తీసితివా?" అని అడుగుడు. ఆ బిడ్డ ముఖములోనే జవాబు తెలియును. పర్మనెంటు అధ్యాపకులెందరు, ఏటికొకమారు మారువారెందరు అన్నది గూడ విచారింపుడు. ప్రభుత్వ రుసుము చెల్లింపు పథకము ఆ కోర్సుకు, ఆ కళాశాలకు వర్తించునో లేదో నోటిమాటతో సరిపెట్టుకొనక లిఖితపూర్వకముగా తెలిసికొనుడు.

ఆ కళాశాలలో ఏదైన పాఠము బలహీనముగా నున్న, దానిని 'స్వయం' అను ప్రభుత్వ అంతర్జాల పాఠశాలలో చదువవచ్చును. విశ్వవిద్యాలయము ఒప్పుకొన్నచో ఒక సెమిస్టరులో 40 శాతము వరకు క్రెడిట్లు ఈ మార్గమున సంపాదించుకొను వీలు 2021 నిబంధనలలో కలదు. జీవగణాంకశాస్త్రము ఇట్లు చదువుటకు అనువైనది.

అభ్యాసమునకు సమాధానము: స్వపరాగ సంపర్కములో ఒక్కొక్క జన్యువుకు రెండు ప్రతులు కలియు అవకాశము నాలుగింట ఒకటి. మూడింటికి కలిపి 4 × 4 × 4 = 64లో ఒకటి. 64 మొక్కలు పెంచిన ఒకటి తప్పక దొరకునని తలచుట పొరపాటు. ఒక్కటియు దొరకకపోవు అవకాశము మూడింట ఒకవంతుకంటె ఎక్కువగానే యుండును. నూటికి తొంబదియైదు పాళ్లు నమ్మకము కావలెనన్న 191 మొక్కలు పెంచవలెను.